ఇంటి ముందు పేవర్ డ్రైవ్‌వే వేయిస్తున్నారా? పైన బిళ్ల కంటే కింద పొరే కీలకం.. డబ్బు కట్టేముందు ఈ లెక్కలు తెలుసుకోండి!

దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్ వైపు ఏ కాలనీలోకి వెళ్లినా ఒక సీన్ కామన్. గేటు తీయగానే ఎరుపు, బూడిద రంగుల్లో పేవర్ టైల్స్. వేసిన కొత్తలో ముచ్చటగా ఉంటాయి. రెండు వానాకాలాలు గడిచేసరికి సీన్ మారిపోతుంది. కారు టైర్లు పడే చోట రెండు గాడులు, గేటు దగ్గర ఊడొచ్చిన అంచు, మధ్యలో మడుగు కట్టిన నీళ్లు. ‘బిళ్ల క్వాలిటీ బాలేదు’ అని ఇంటి ఓనర్ అంటాడు. ‘మీ నేలే మెత్తన’ అని మేస్త్రీ అంటాడు.

చాలాసార్లు అసలు కారణం బిళ్ల కింద కనిపించని పొరలో ఉంటుంది. పైగా ఈ ప్రాంతంలో డ్రైవ్‌వే అంటే ఒక్క అందం సంగతే కాదు. వాననీరు సంపులోకి పోవాలా, పక్కింటికి పోవాలా, భూమిలోకి ఇంకాలా అన్నది కూడా ఆ నాలుగు గజాల జాగానే తేలుస్తుంది. పేవర్ డ్రైవ్‌వే ఎలా వేయాలి, ఎక్కడ మోసపోతాం, నీళ్లకు దారి ఎలా చూపించాలి? ఒక్కొక్కటిగా చూద్దాం.

ఈ ఏరియాలో ఇది ఎందుకంత ముఖ్యం?

2020 అక్టోబర్ 13 రాత్రిని ఇక్కడి జనం అంత తేలిగ్గా మర్చిపోలేరు. ఘట్‌కేసర్ ప్రాంతంలో 24 గంటల్లో 30 సెంటీమీటర్లకు పైగా వాన పడింది. సరూర్‌నగర్, మీర్‌పేట్, నాగోల్ వైపు చెరువుల దిగువన ఉన్న కాలనీల్లో ఇళ్లలోకి నీళ్లొచ్చాయి. ఆ తర్వాతే నాలాల విస్తరణకు ప్రభుత్వం ఎస్‌ఎన్‌డీపీ పేరుతో ప్రత్యేక కార్యక్రమం చేపట్టింది.

అంత పెద్ద వరదను ఏ ఇంటి డ్రైవ్‌వే కూడా ఆపలేదు, అది నిజం. కానీ ప్రతి ఏడాదీ పడే మామూలు వానల సంగతి వేరు. చిన్న లెక్క చూడండి. 10 అడుగుల వెడల్పు, 20 అడుగుల పొడవున్న డ్రైవ్‌వే అంటే 200 చదరపు అడుగులు, అంటే సుమారు 18.6 చదరపు మీటర్లు. దాని మీద ఒక్క సెంటీమీటర్ వాన పడితే 186 లీటర్లు. 10 సెంటీమీటర్లు పడితే 1,860 లీటర్లు.

ఒక కాలనీలో 200 ఇళ్లు ఇలాగే మొత్తం సిమెంట్ చేసేశాయనుకుందాం. అదే 10 సెంటీమీటర్ల వానకు ఒక్క డ్రైవ్‌వేల నుంచే 3.72 లక్షల లీటర్లు రోడ్డెక్కుతాయి. 5 వేల లీటర్ల ట్యాంకర్లతో కొలిస్తే 74 ట్యాంకర్లు. ఇందులో డాబా మీద పడే నీళ్లు కలపలేదు. వానాకాలంలో ఇంత నీటిని రోడ్డు మీదకు తోసేసి, ఎండాకాలంలో బోరు ఎండిందని ట్యాంకర్ బుక్ చేసుకోవడం.. చాలా కాలనీల్లో జరుగుతున్నది ఇదే.

సీసీ, బండలు, పేవర్లు.. ఏది బెటర్?

మన దగ్గర ఇంటి ముందు వేయడానికి ప్రధానంగా మూడు దారులున్నాయి.

మొదటిది సీసీ. గట్టిగా ఉంటుంది, పని త్వరగా అయిపోతుంది. కానీ నీరు చుక్క ఇంకదు. రేపు మంచినీటి పైపు లీకైనా, డ్రైనేజీ లైన్ మార్చాలన్నా పగలగొట్టాల్సిందే. ఆ అతుకు ఎప్పటికీ కనబడుతూనే ఉంటుంది.

రెండోది షాబాద్, తాండూరు బండలు. హైదరాబాద్ ఇళ్లకు ఇవి తరతరాలుగా తెలిసిన రాళ్లే. తాండూరు మన వికారాబాద్ జిల్లాలో, షాబాద్ పక్కనే కర్ణాటకలోని కలబురగి జిల్లాలో ఉన్నాయి. వరండాకు, నడిచే దారికి ఇవి బ్రహ్మాండంగా పనికొస్తాయి. కానీ పలచటి బండను మట్టి మీద, ఇసుక మీద పరిచి దానిపై కారు ఎక్కిస్తే పగులుతుంది. కింద కాంక్రీట్ బెడ్ తప్పనిసరి. పాలిష్ చేసిన రాయి అయితే వానలో జారుతుంది కాబట్టి బయట గరుకు రాయే వాడాలి.

మూడోది ఇంటర్‌లాకింగ్ పేవర్లు. వీటి అసలు బలం ఏంటంటే.. విడివిడి బిళ్లలే అయినా సందుల్లోని ఇసుక, చుట్టూ ఉన్న అంచు వల్ల అన్నీ కలిసి ఒకటిగా బరువు మోస్తాయి. కింద పైపు పాడైతే పది బిళ్లలు లేపి, రిపేర్ చేసి, మళ్లీ అవే బిళ్లలు పెట్టేయొచ్చు. అయితే ఈ లాభాలన్నీ పద్ధతిగా వేస్తేనే. సిమెంట్ పోసి బిళ్లలను అతికించేస్తే సీసీకి, దీనికి పెద్ద తేడా ఉండదు.

షాపుల్లో ‘పార్కింగ్ టైల్స్’ అని పలచటి టైల్స్ కూడా చూపిస్తారు. అవి గట్టి కాంక్రీట్ మీద అతికించేవి. పేవర్లలా ఇసుక మీద పరిచేవి కావు. ఈ రెండింటినీ కలిపేసి రేటు పోల్చొద్దు.

బిళ్ల కొనేటప్పుడు ఏం చూడాలి?

పేవర్ బ్లాకులకు మన దేశంలో ఐఎస్ 15658 అనే ప్రమాణం ఉంది. 2006లో వచ్చింది. మందం, గ్రేడ్ దీని ప్రకారమే అడగాలి. 50 మిల్లీమీటర్ల ఎం-30 బిళ్ల నడక దారులు, ఇంటి ఆవరణ లాంటి చోట్లకు. 60 మిల్లీమీటర్ల ఎం-35 బిళ్ల కార్ పార్కింగులు, ఆఫీస్ డ్రైవ్‌వేల వంటి తేలికపాటి రాకపోకలకు. 80 మిల్లీమీటర్ల ఎం-40 బిళ్ల అంతకంటే బరువు పడే చోట్లకు.

రోజూ కారు తిరిగే ఇంటికి 60 మిల్లీమీటర్లు సేఫ్. వాటర్ ట్యాంకర్ గేటు లోపలికి వచ్చే ఇల్లయితే 80 మిల్లీమీటర్లు ఆలోచించాలి. ఎందుకంటే 5 వేల లీటర్ల ట్యాంకర్‌లో నీళ్ల బరువే 5 టన్నులు. బండి బరువు దానికి అదనం.

షాపులోనే చేసుకోదగ్గ చెకింగ్‌లు మూడున్నాయి.

1. తూకం: 200×100 మిల్లీమీటర్ల సైజు, 60 మిల్లీమీటర్ల మందం ఉన్న బిళ్ల సుమారు 2.8 నుంచి 2.9 కిలోలు తూగాలి. చేతికి బాగా తేలిగ్గా తగిలితే లోపల గుల్ల ఉందని అనుమానించాలి.

2. నీళ్ల పరీక్ష: బాగా ఎండిన బిళ్లను తూచి, 24 గంటలు నీళ్లలో ఉంచి, తుడిచి మళ్లీ తూచండి. ప్రమాణం ప్రకారం నీటిని పీల్చుకోవడం సగటున 6 శాతం దాటకూడదు. అంటే 2.8 కిలోల బిళ్ల 170 గ్రాములకు మించి బరువు పెరగకూడదు. ల్యాబ్ పరీక్షకు ఇది సాటి రాదు కానీ నాసిరకం బిళ్లను పట్టిస్తుంది.

3. విరిచి చూడటం: ఒక బిళ్ల పగలగొట్టించండి. పైన రంగు పొర, లోపల కాంక్రీట్ ఒకదాన్ని ఒకటి పట్టుకుని ఉండాలి. పై పొర పెచ్చులా ఊడితే ఆ సరుకు వద్దు.

నాగోల్ దగ్గర ఫతుల్లాగూడలో నిర్మాణ వ్యర్థాలను రీసైకిల్ చేసే ప్లాంట్ ఉన్న సంగతి ఈ ఏరియాలోనే చాలామందికి తెలియదు. ఇలాంటి ప్లాంట్లలో పాత ఇళ్ల శిథిలాలను కంకరగా, ఇసుకగా మారుస్తారు. పేవర్ల తయారీకి కూడా ఆ సరుకు పనికొస్తుంది. అలాంటి బిళ్లలు దొరికితే పై మూడు చెకింగ్‌లు చేసి నిశ్చింతగా వాడుకోవచ్చు.

గడ్డపార వేసేముందు ఇవి తేల్చుకోండి

మన ఇళ్లలో గేటు లోపల నేల కింద ఏముంటుంది? సంపు, మంచినీటి లైన్, డ్రైనేజీ ఛాంబర్, కొన్ని చోట్ల కరెంట్ కేబుల్. తవ్వకం ముప్పావు అడుగుకు పైనే ఉంటుంది కాబట్టి, ఇవన్నీ ఎక్కడున్నాయో సున్నంతో ముందే గీతలు కొట్టించాలి.

అన్నింటికంటే సంపు విషయంలో జాగ్రత్త. సంపు స్లాబ్ మీదుగా కారు వెళ్లాల్సి వస్తే, ఆ స్లాబ్ కారు బరువుకు తగ్గట్టు వేశారో లేదో ఇల్లు కట్టిన ఇంజినీర్‌నో, మేస్త్రీనో అడగాలి. డౌట్ ఉంటే టైర్లు సంపు మీద పడకుండా దారి మార్చుకోవడం మంచిది. సంపు మూత అంచు కూడా బిళ్లల కంటే కనీసం ఒకటి రెండు అంగుళాలు ఎత్తుగా ఉండాలి. చాలామంది లుక్ కోసం మూతను బిళ్లలతో సమానం చేయించేస్తారు. వాన పడ్డప్పుడు రోడ్డు నీళ్లు, టైర్ల బురద నేరుగా తాగునీటిలో కలిసేది అక్కడే.

పాత లైన్ల మీద అనుమానం ఉంటే ఇప్పుడే మార్పించేయండి. బిళ్లలు వేశాక మళ్లీ లేపడం కష్టం కాదు కానీ, డబ్బులు రెండోసారి పెట్టాల్సి వస్తుంది.

అసలు పని: నాలుగు పొరలు

డ్రైవ్‌వేను కింది నుంచి పైకి నాలుగు పొరలుగా చూడాలి: నేల, కంకర, పరుపు, బిళ్ల. మూడు కింద దాక్కుంటాయి. కక్కుర్తి జరిగేది కూడా ఆ మూడింట్లోనే.

మొదటి పొర, నేల: 60 మిల్లీమీటర్ల బిళ్ల, 30 మిల్లీమీటర్ల పరుపు, 150 మిల్లీమీటర్ల కంకర. మొత్తం 240 మిల్లీమీటర్లు, అంటే తొమ్మిదిన్నర అంగుళాల తవ్వకం. గట్టి మొరం నేల అయితే అదృష్టమే. చెరువుల పక్కన, మట్టి పోసి నింపిన జాగాల్లో నేల మెత్తగా ఉంటుంది. అక్కడ మెత్తటి మట్టిని తీసేసి మొరంతో నింపి, కొద్దిగా తడిపి, దిమ్మిస లేదా మెషీన్‌తో గట్టిపరచాలి. నల్లమట్టి ఉంటే కంకర మందం ఇంకా పెంచాలి. వానకు ఉబ్బి, ఎండకు కుంచించుకుపోయే మట్టి అది.

రెండో పొర, కంకర: కారు బరువును నేలకు పంచేది ఇదే. పెద్ద కంకర, చిన్న కంకర, డస్ట్ కలిసిన మిక్స్ వాడతారు. ఆరు అంగుళాలు ఒకేసారి పోసి పైపైన తొక్కిస్తే కింద సగం వదులుగానే ఉండిపోతుంది. మూడు అంగుళాలు పోసి గట్టిపరిచి, దాని మీద ఇంకో మూడు అంగుళాలు పోసి మళ్లీ గట్టిపరచాలి. ప్లేట్ కంపాక్టర్ మెషీన్ అద్దెకు దొరుకుతుంది. ఇంటి ముందు టైర్ల గాడులు పడటానికి ప్రధాన కారణం ఈ పని ఎగ్గొట్టడమే.

మూడో పొర, పరుపు: ఒక అంగుళానికి కొంచెం ఎక్కువ మందంలో గరుకు ఇసుక లేదా సన్న చిప్స్ పరిచి, పొడవాటి పట్టీతో సమం చేయాలి. బిళ్ల పెట్టేదాకా దీన్ని తొక్కకూడదు. కంకర పొరలో ఎగుడుదిగుడులను ఈ పరుపుతో కవర్ చేయడం పెద్ద తప్పు. ఎక్కడ పరుపు మందంగా ఉందో అక్కడే తర్వాత కుంగుతుంది.

నాలుగో పొర, బిళ్ల: దారం కట్టి, గేటు వైపు నుంచి గానీ తిన్నని గోడ వైపు నుంచి గానీ మొదలుపెట్టాలి. బిళ్లకు బిళ్లకు మధ్య 2 నుంచి 4 మిల్లీమీటర్ల సందు ఉండాలి. దీర్ఘచతురస్రం బిళ్లలైతే చేపముల్లు ఆకారంలో, అంటే హెరింగ్‌బోన్ డిజైన్‌లో పేర్చడం బెస్ట్. బ్రేక్ వేసినప్పుడు, స్టీరింగ్ తిప్పినప్పుడు పడే తోపుడును ఈ డిజైన్ బాగా తట్టుకుంటుంది. వరసకు వరస నిలువుగా పేర్చిన డిజైన్ చూడ్డానికి నీటుగా ఉన్నా, కారు తిరిగే చోట మెల్లగా జరిగిపోతుంది.

బిళ్లలు పరిచాక మెషీన్ ఒకసారి తిప్పాలి. తర్వాత బాగా ఎండిన సన్న ఇసుకను చల్లి, చీపురుతో సందుల్లోకి ఊడ్చి, మళ్లీ మెషీన్ తిప్పాలి. సందులు నిండేదాకా ఇలాగే చేయాలి. సిమెంట్ నీళ్లు పోసి సందులు మూసేస్తామంటే ఒప్పుకోవద్దు. అది కొన్నాళ్లకు పగులుతుంది. బిళ్లను మళ్లీ లేపే వీలు కూడా పోతుంది.

ఇక అంచు. గోడ లేని వైపు, గేటు దగ్గర కాంక్రీట్ కర్బ్ తప్పనిసరి. చుట్టూ అంచు లేని పేవర్లు కట్ట కట్టని కట్టెల మోపు లాంటివి. ఒక్కటి జారితే మిగతావన్నీ దాని వెంటే.

200 చదరపు అడుగులకు ఎంత సరుకు?

కాంట్రాక్టర్ లెక్క సరిగ్గా ఉందో లేదో చూసుకోవడానికి ఈ అంచనా పనికొస్తుంది.

- తవ్వే మట్టి: సుమారు 160 ఘనపుటడుగులు. తవ్వాక గుల్లబారి 200 వరకు అవుతుంది. దాన్ని ఎక్కడికి, ఎవరి ఖర్చుతో తరలిస్తారో ముందే అడగండి.
- కంకర మిక్స్: గట్టిపరిచాక 100 ఘనపుటడుగులు. తెప్పించేటప్పుడు 125 వరకు కావాలి.
- పరుపు ఇసుక: సుమారు 20 నుంచి 25 ఘనపుటడుగులు.
- బిళ్లలు: 200×100 సైజువి చదరపు మీటరుకు 50 చొప్పున 930. కటింగ్, విరుగుళ్లకు 5 శాతం కలిపితే దాదాపు 980. రిపేర్ల కోసం ఇంకో 20 పక్కన పెట్టుకోండి. ఐదేళ్ల తర్వాత అదే రంగు దొరకడం కష్టం.

దిల్‌సుఖ్‌నగర్ పాత కాలనీల్లో ఇంకో చిక్కు ఉంది. ఇరుకు సందుల్లోకి టిప్పర్ రాదు. ట్రాక్టర్‌లోనో, ట్రాలీ ఆటోలోనో రెండు మూడు ట్రిప్పులుగా తేవాలి. ఆ కిరాయి కొటేషన్‌లో ఉందో లేదో చూసుకోండి. కంకర కుప్పను రోడ్డు మీద, ముఖ్యంగా డ్రైన్ మూత మీద పోయించొద్దు. ఒక్క వానకు అదంతా డ్రైన్‌లోకే పోతుంది.

నీళ్లు ఎటు పోవాలి?

పని మొదలుపెట్టే రోజే దీనికి జవాబు తెలిసుండాలి. ఇంటి గోడ నుంచి దూరంగా, ప్రతి 50 అడుగులకు ఒక అడుగు చొప్పున వాలు ఇవ్వాలి. 20 అడుగుల డ్రైవ్‌వేకు ఇది దాదాపు 5 అంగుళాలు. ఈ వాలును నేల పొర నుంచే తేవాలి. బిళ్లలు పేర్చేటప్పుడు ఇసుకతో సర్దుకుందామంటే కుదరదు.

ఇక్కడ ఓ నిజం చెప్పుకోవాలి. మామూలు ఇంటర్‌లాకింగ్ పేవర్లు వేస్తే నీళ్లన్నీ ఇంకిపోతాయని చాలామంది అనుకుంటారు. సన్న సందులు, కింద డస్ట్ కలిసిన గట్టి కంకర ఉంటే ఇంకేది కొంతే. మిగతాదంతా పారిపోతుంది. నిజంగా ఇంకాలంటే పద్ధతే మారాలి. సందులు వెడల్పుగా ఉంచి వాటిలో సన్న చిప్స్ నింపాలి. కింద డస్ట్ లేని 20, 40 మిల్లీమీటర్ల కంకర వాడాలి. అలాంటి కంకరలో మూడో వంతుకు పైగా ఖాళీ ఉంటుంది. అంటే 200 చదరపు అడుగుల్లో ఆరు అంగుళాల పొర సుమారు వెయ్యి లీటర్ల నీటిని కాసేపు దాచుకోగలదు. 10 సెంటీమీటర్ల వానలో సగానికి పైగా అక్కడే ఆగినట్టు.

నేల పీల్చుకుంటుందో లేదో తెలుసుకోవడం సులువే. అడుగు లోతు గుంత తీసి, నీళ్లు నింపి, ఎంతసేపట్లో దిగుతున్నాయో చూడండి. గంటల తరబడి కదలకపోతే ఆ నేలలో ఈ పద్ధతి ఒక్కటే చాలదు. పునాదికి, సంపుకు ఆనుకుని నీళ్లు ఇంకించడం కూడా మంచిది కాదు.

ఎక్కువమందికి నప్పే దారి ఇంకుడు గుంత. డ్రైవ్‌వే వాలు చివర, గేటు లోపల ఇనుప జాలీతో ఒక కాలువ పెట్టి, అందులో నీళ్లను మట్టి, ఆకులు ఆగే చిన్న తొట్టి మీదుగా గుంతలోకి పంపాలి. గుంతలో అడుగున పెద్ద రాళ్లు, పైన 40, 20 మిల్లీమీటర్ల కంకర, ఆపైన గరుకు ఇసుక. సంపుకు, సెప్టిక్ ట్యాంకుకు దూరంగా తవ్వాలి. వాననీటి సంరక్షణ ఏర్పాట్లను తప్పనిసరి చేసే వీలును 2002 నాటి వాల్టా చట్టమే కల్పించింది. డ్రైవ్‌వే కోసం ఎలాగూ తవ్వుతున్నారు కాబట్టి గుంతకు కూలీ విడిగా పెద్దగా పడదు.

వాననీటి పైపును డ్రైనేజీ ఛాంబర్‌కు మాత్రం కలపొద్దు. ఆ లైన్లు మురుగు కోసం వేసినవి. వాన నీళ్లు కూడా తోస్తే మ్యాన్‌హోల్ పొంగి, పల్లంలో ఉన్న ఇంటి బాత్రూమ్‌లో తేలుతుంది.

రోడ్డు ఎత్తు పెరిగితే? ర్యాంప్ ఎక్కడిదాకా?

పాత కాలనీల్లో రోడ్డు మీద రోడ్డు వేస్తూ పోవడంతో ఇళ్లు పల్లంలో పడ్డాయి. అలాంటి ఇంట్లో వాలు రోడ్డు వైపు ఇవ్వడం కుదరదు. అప్పుడు గేటు గడప దగ్గరే కాస్త మిట్ట కట్టి, దాని లోపలి వైపు జాలీ కాలువ పెట్టాలి. రోడ్డు నీళ్లు మిట్ట దగ్గర ఆగుతాయి, లోపల పడ్డ నీళ్లు కాలువలో పడి గుంతకు పోతాయి.

ఇల్లు ఎత్తులో ఉంటే ర్యాంప్ గొడవ. ర్యాంప్‌ను రోడ్డు మీదకు, ఫుట్‌పాత్ మీదకు లాగడం ఆక్రమణే. ఫుట్‌పాత్‌లపై మెట్లు, ర్యాంపులను జీహెచ్‌ఎంసీ కూల్చేసిన సందర్భాలున్నాయి. అది రోడ్డు అంచున పారే నీటికి అడ్డుకట్టగా మారి పక్కింటి ముందు మడుగు కడుతుంది కూడా. ప్రతి 8 అడుగుల పొడవుకు ఒక అడుగు ఎత్తు మించకుండా ర్యాంప్‌ను గేటు లోపలే సర్దుకోవాలి.

కొటేషన్ ఇలా అడగండి

‘ఎస్‌ఎఫ్‌టీకి ఇంత, మొత్తం మాదే’ అనే మాట దగ్గర ఆగిపోవద్దు. కాగితం మీద ఇవన్నీ విడివిడిగా రాయించుకోండి: తవ్వకం లోతు, మట్టి తరలింపు, కంకర మందం ఎన్ని అంగుళాలు, ఎన్ని పొరలు, ప్లేట్ కంపాక్టర్ వాడతారా లేదా, బిళ్ల మందం, గ్రేడ్, కర్బ్, వాలు, జాలీ కాలువ. ఇద్దరు కాంట్రాక్టర్ల రేట్లలో తేడా ఎందుకు వచ్చిందో అప్పుడే తెలుస్తుంది. తక్కువ రేటు చెప్పిన చోట సాధారణంగా కోత పడేది కంకరకే.

డబ్బు కూడా దశలవారీగా ఇవ్వండి. కంకర పొర పూర్తయ్యాక టేపుతో మందం కొలిచి, ఫొటో తీసుకుని, ఆ తర్వాతే రెండో విడత. బిళ్ల పడ్డాక కింద ఏముందో ఎవరికీ కనిపించదు. బకెట్ నీళ్లు పోసి వాలు చూశాకే చివరి విడత.

పనికి అనువైన కాలం వానలు తగ్గాక, నవంబర్ నుంచి మే వరకు. తడి ఇసుక సందుల్లోకి దిగదు, తడిసిన నేల గట్టిపడదు.

వేశాక ఏం చేయాలి?

మొదటి వానాకాలం తర్వాత సందుల్లో ఇసుక తగ్గుతుంది, మళ్లీ ఊడ్చి నింపాలి. ఎక్కడైనా అర అంగుళం కుంగితే వెంటనే ఆ పది బిళ్లలు లేపించి, కింద సరిచేసి పెట్టించండి. జూన్‌కు ముందు జాలీ కాలువలో ఆకులు, తొట్టిలో మట్టి తీయించాలి. ఇంకుడు గుంత పైన ఇసుక బురద పట్టి నీళ్లు దిగకపోతే ఆ పై పొర మార్చాలి. రోజూ పైపు పెట్టి కడిగే అలవాటు ఉంటే మానేయండి. నీళ్లతో పాటు సందుల్లో ఇసుక కూడా కొట్టుకుపోతుంది. చీపురు చాలు.